జనవరి శవం, ఆగస్టు నీళ్ళు

"ఇవి మీ చేతికెలా వచ్చాయి?" అంది సుభాషిణి, ఫొటోలను ఒక్కొక్కటిగా వెలుతురుకు పట్టి చూస్తూ.

నేను మాట్లాడలేదు. ప్రైవేటు డిటెక్టివుగా నేను గెలిచిన కేసులన్నీ నోరు మూసుకుని గెలిచినవే. ఓడిపోయేవి ఎలా ఓడిపోతుంటానో కాసేపట్లో మీరే చూస్తారు.

తాపీ నది సముద్రంలో కలిసేచోట నీళ్ళను ఏడాది పొడవునా పరీక్షించే పరిశోధన కేంద్రం అది. సుభాషిణి అక్కడ సీనియర్ సైంటిస్టు. జగిత్యాల నుంచి సూరత్‌కు వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. మా ఇద్దరి మధ్య బల్ల మీద ప్లాస్టిక్ తెర వేలాడుతోంది. మొదటి అల తగ్గిందని, కరోనా ఇక పోయినట్టేనని జనం సంబరపడుతున్న 2021 జనవరి ఆఖరు. అయినా ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

"ఇవేంటో చెప్పండి మేడం. ఎవరిచ్చారో నేను తర్వాత చెప్తాను."

"డయాటమ్‌లు. కంటికి కనబడని నీటి మొక్కలు. ఒక్కోదానికీ ఒంటి చుట్టూ గాజు పెంకు ఉంటుంది. చచ్చినా ఆ పెంకు పోదు."

"ఎక్కడివో చెప్పగలరా?"

ఆమె మాస్కు వెనక నవ్వినట్టుంది, కళ్ళు చిన్నవయ్యాయి. "ఎక్కడివో ఏంటి, ఎప్పటివో కూడా చెప్తా. వానాకాలం తాపీకి వరదొచ్చిందంటే ఉప్పునీళ్ళను సముద్రంలోకి నెట్టేస్తుంది. అప్పుడు నది మూతి దగ్గర కూడా మంచినీళ్ళ జాతులే ఉంటాయి. ఇదిగో, పూసల దండలా ఒకదానికొకటి అతుక్కున్నవి. మధ్యలో ఈ నల్ల నలుసులు చూడండి, వరద బురద. దీపావళి దాటిందా, వరద తగ్గుతుంది, పోటుతో ఉప్పునీళ్ళు పైకి ఎక్కుతాయి. ఈ దండలు మాయమై సముద్రపు జాతులు దిగుతాయి, గుండ్రంగా పళ్ళేల్లాగా. ఎండాకాలం వస్తే మళ్ళీ వేరే గుంపు. ఏ నెల నీళ్ళో సీసా చూపిస్తే చాలు, చెప్పేస్తా."

"మరి ఇవి?"

"ఆగస్టు. అనుమానమే లేదు."

"ఇప్పుడు జనవరిలో నదిలో ఇలాంటివి దొరుకుతాయా?"

"నది మూతి దగ్గరా? వెతికినా దొరకవు."

అప్పుడు చెప్పాను. "ఇవి బ్రహ్మచారి తొడ ఎముక మూలుగలోంచి తీసినవి మేడం."

ఆమె చేతిలోని ఫొటోలు బల్ల మీద పడ్డాయి. వాటిని తీసుకోవడానికి కూడా ఆమె చెయ్యి కదపలేదు.

బ్రహ్మచారి ఆమె దగ్గరే పనిచేసిన పరిశోధకుడు. ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. పతంగుల పండుగనాడు ఊరు ఊరంతా మేడలెక్కి దారాలు తెంపుకుంటుంటే, ఇతను పడవేసుకుని నీళ్ళ శాంపిళ్ళకు వెళ్ళాడు. ముందురోజు అమావాస్య. అమావాస్య పోటు పెద్దదని, ఆ పోటులో నీళ్ళు పట్టాల్సిందేనని వీళ్ళకు పట్టింపు, పండుగా పబ్బమూ చూసుకోరు. రెండు రోజులకు నది మూతి పక్కనున్న మగ్దల్లా దగ్గర శవమై తేలాడు.

బతికున్న మనిషి మునిగితే నీళ్ళు మింగుతాడు. గుండె ఇంకా కొట్టుకుంటుంది కాబట్టి నీళ్ళలోని ఈ గాజు పెంకులు రక్తంలో కలిసి ఎముక మూలుగ దాకా పోతాయి. చంపి నీళ్ళలో పడేస్తే అంత లోపలికి పోవు. మూలుగలో పెంకులు కనబడ్డాయి, కాబట్టి మునిగే చచ్చాడు అని రిపోర్టు రాసి మూసేశారు. అవి ఏ కాలం పెంకులో ఎవరూ అడగలేదు. అడగాలని వాళ్ళకు తెలియదు, మొన్నటిదాకా నాకూ తెలియదు.

మునిగాడు కాబట్టి ముంచినవాడు కావాలి. పడవలో పక్కనున్న సదానందం దొరికాడు. భేస్తాన్‌లో మరమగ్గాలు నడిపేవాడు, లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగితే ఈ పడవ పనికి కుదిరాడు. అతని జేబులో బ్రహ్మచారి ఫోను దొరికింది. అంతే, జైలు. రేపు కోర్టులో బెయిలు విచారణ. ఆ బెయిలు కాగితాల్లోంచే అతని వకీలు నాకీ ఫొటోలు ఇచ్చాడు. సదానందం భార్య నర్సవ్వ పొద్దున్నుంచి ఈ ఆఫీసు గేటు బయటే కూర్చుంది.

"ఫోను ముచ్చట మీకు తెలుసా మేడం?"

"తెలుసు," అంది సుభాషిణి. "వల ముంచడానికి వంగితే జేబులోది నీళ్ళలో పడుతుంది. అందుకని ప్రతిసారీ ఫోను సదానందానికిచ్చి వంగేవాడు. ఈ మాట పోలీసులకు కూడా చెప్పిన. జెట్టీ మీద దిగినంక ఎవరిదో కారొచ్చిందని, ఫోను సంగతి మరిచి బ్రహ్మచారి ఎక్కి పోయిండని సదానందం మొత్తుకుంటున్నడు. నడిపినాయనకు మాస్కు ఉండె, మొఖం చూడలేదట. ఎవరు నమ్ముతరు?"

కంగారు పడితే ఆమె నోట ఊరి మాట వస్తుందని గమనించాను. ఇదే అదను అనుకున్నాను.

"ఆ సాయంత్రం మీరెక్కడున్నారు?"

"నా మీదనా అనుమానం?"

"అతనంటే మీకు కుళ్ళని ఇక్కడ ఊడ్చే మనిషికి కూడా తెలుసు మేడం."

ఆమె లేచి నిలబడుతుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను. ఏదీ చేయలేదు. "కుళ్ళే," అంది. "ఈ నీళ్ళల్ల నేను ఇరవై ఏండ్లు తిరిగిన. ఏ కాలంల ఏది వస్తది, ఏది పోతది, అన్నీ నేను నేర్పినయే. వాడు నిన్నగాక మొన్నొచ్చి అదే పనిని చక్కగ రాసిండు. వ్యాసంల వాని పేరు ముంగట, నా పేరు ఎనుక. శవం దొరికిందని ఫోనొస్తే నాకు ముందుగాల ఏమనిపించిందో తెలుసా? ఇగ నా పేరు ముంగటికి వస్తది అని. తర్వాత ఏడ్చిన. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. చాలా?"

నాకు ఆమె మీద గౌరవం కలిగింది. అసూయను అంత సూటిగా ఒప్పుకోవడం నాకు ఇంతవరకూ చేతకాలేదు.

"పండుగకు వారం ముందు నాకు పాజిటివ్ వచ్చింది," అంది, మళ్ళీ కుదురుకుని. "మా తలుపుకు నోటీసు అతికించి పోయారు. పాలవాడు కూడా మెట్ల మీద ప్యాకెట్టు పెట్టి పరిగెత్తేవాడు. నేను గేటు దాటితే సొసైటీ మొత్తం కేకలు పెట్టేది. వెళ్ళి అడిగి తెలుసుకోండి."

అడగక్కర్లేదు. ఆ రోజుల్లో అంతకంటే గట్టి సాక్ష్యం ఇంకోటి లేదు.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని వరుణ్ వచ్చాడు.

వరుణ్ గురించి ముందే చెప్పేస్తాను. అతనూ నాలాంటి డిటెక్టివే, నాకు అతనంటే పడదు. అతని ఆఫీసు రింగ్ రోడ్డులో ఏసీ గదిలో, నాది సలాబత్‌పురాలో చీరలు మడతపెట్టే దుకాణం మీద. సేఠ్‌లతో గుజరాతీలో జోకులేస్తాడు, ఆఫీసర్లతో ఇంగ్లీషులో మాట్లాడతాడు. నేను చెప్పులరిగేలా తిరిగే కేసును అతను ఫోను మీదే తేల్చేస్తాడు. దానికి తోడు అతని భార్య సుప్రజ ఇదే కేంద్రంలో సైంటిస్టు, నెమ్మదస్తురాలు, ఎదుటివాడి చొక్కా చూడకుండా మొహం చూసి మాట్లాడే మనిషి. అన్నీ ఒకడికే ఎందుకిస్తాడో ఆ దేవుడు! బ్రహ్మచారి చావు మీద లోపలి విచారణకు ఈ కేంద్రం వాళ్ళు పెట్టుకున్నదీ ఇతన్నే. సదానందమే ముంచాడని వారంలో తేల్చిపారేశాడు.

"ఓహో, పరుశురాం గారు!" అన్నాడు. "ఏంటి, చీరల మధ్యలో మైక్రోస్కోపుకు కూడా చోటు దొరికిందా?"

"చోటుదేముంది, మీ బుర్రలో బోలెడంత ఖాళీ ఉందిగా."

"జేబులో ఫోను దొరికింది. ఆఖరున చూసినవాడు వాడే. మునిగి చచ్చాడని రిపోర్టు. ఇంకేం కావాలండీ మీకు? ఆ మనిషి భార్య ఏడిస్తే కేసు మారిపోతుందా?"

"మునిగాడు. ఎక్కడ మునిగాడు?"

"నదిలో."

"ఏ నదిలో? అతని మూలుగలో ఉన్నవి మంచినీళ్ళ పెంకులు. జనవరిలో మగ్దల్లా దగ్గర ఉప్పునీళ్ళు."

వరుణ్ తడుముకోలేదు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. "అయితే ఊరికి ఎగువన, అడ్డుకట్ట అవతల మంచినీళ్ళున్నాయి. అక్కడ ముంచి ఇక్కడ పడేశాడు. మీ వాడి నేరం ఇంకో మెట్టు పెరిగింది, థాంక్స్."

ఆ మాటకు నేను నవ్వి ఊరుకోవాల్సింది. ఊరుకుంటే రేపు కోర్టులో చెప్పుకునేవాణ్ణి. కానీ అతను థాంక్స్ అన్న తీరు చూసి నా నోరు ఆగలేదు.

"అడ్డుకట్ట అవతల కూడా ఇప్పుడున్నవి చలికాలం నీళ్ళే వరుణ్ గారూ. ఇవి వరద బురదతో ఉన్న ఆగస్టు నీళ్ళు. ఆగస్టు నీళ్ళను ఎవరో ఇన్నాళ్ళూ దాచిపెట్టారు. బ్రహ్మచారి నదిలో చావలేదు, ఆ నీళ్ళున్నచోట చచ్చాడు. అదెక్కడో సాయంత్రంలోగా తేలుస్తా. అప్పుడు మీ రిపోర్టును రింగ్ రోడ్డులో పల్లీలు పొట్లం కట్టడానికి ఇవ్వండి."

వరుణ్ మాస్కును ముక్కు మీదకు సర్దుకున్నాడు. అది అంతకుముందే సరిగ్గా ఉంది.

"మీకు నా మీద అసూయ," అన్నాడు చివరికి. "ఊళ్ళో అందరికీ తెలుసు. కోర్టులో కూడా అదే చెప్తా." గడియారం చూసుకుని, ఏదో మీటింగు ఉందని వెళ్ళిపోయాడు. వచ్చిన పని ఏమిటో సుభాషిణిని అడగనైనా లేదు.

నా సంతోషం అంతా ఇంతా కాదు. మొదటిసారి అతని నోరు మూయించానని ఛాతీ ఉబ్బింది. ఎంత గాడిదనో తెలియడానికి కాసేపు పట్టింది.

"మేడం, ఆగస్టు నీళ్ళు దాచే చోటు ఇక్కడుందా?"

ఆమె నన్ను వెనకవైపు చల్లగదికి తీసుకెళ్ళింది. గోడలకు ట్యూబ్‌లైట్లు, బల్లల మీద సీసాలు. నేను ముందుగా సీసాలు చూశాను. అన్నీ టీ డికాక్షన్ రంగులో ఉన్నాయి.

"అయోడిన్," అంది. "నీళ్ళు పట్టగానే రెండు చుక్కలు వేస్తాం, లోపలివి చచ్చి అలాగే నిలబడతాయి. కానీ ఈ సీసాల్లో ఉన్నవి గుక్కెడు నీళ్ళు, మనిషి మునగడు. అయోడిన్ వేయకుండా ఉంచినవి వేరే ఉన్నాయి. బతికున్న నీళ్ళు అవి."

"నెలల తరబడి బతికిస్తారా?"

"వెలుతురు, చల్లదనం, గాలి బుడగలు ఇస్తే బతుకుతాయి. ఆగస్టులో పెద్ద డ్రమ్ముల్లో పట్టి ఈ గదిలోనే పెట్టాం."

నేను నేల మీదకు వంగాను. మూలన రెండు నీలం డ్రమ్ములు బోర్లించి ఉన్నాయి, లోపల పొడి. వాటి పక్కన గచ్చు మీద డ్రమ్ము అడుగంత గుండ్రటి మరక ఒకటుంది. దాని మీద మాత్రం ఏమీ లేదు.

"మూడోదేది?"

"ఆగస్టు ఆఖర్లో ఇక్కడొకరికి పాజిటివ్ వస్తే ఆఫీసు మూసేశారు. కరెంటు ఆపేస్తామన్నారు. ఇన్ని ప్రాణాలను చంపుకోలేక తలా ఒక డ్రమ్ము ఇంటికి తీసుకుపోయాం. పిల్లల్ని పంచుకున్నట్టే. నాది నెలలో పోయింది. బ్రహ్మచారి అద్దె గదిలో ఏసీ లేదు, వాడిదీ పోయింది. ఒక్కటే బతికింది."

"ఎవరి దగ్గర?"

"సుప్రజ దగ్గర," అంది. ఆ మాట అన్నాక మా ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ముందు కలిగింది ఆనందం. పండగలాంటి ఆనందం. ఆ తర్వాత మొదటి భయం. వరుణ్ ముందు ఆగస్టు నీళ్ళని వాగింది నేనే. అతను వెళ్ళి ఎంతసేపైంది? ఇక రెండో భయం. నేను కోర్టులో నిలబడి వరుణ్ ఇంట్లోనే చచ్చాడంటే, అసూయతో అంటున్నానని జడ్జి గారి బంట్రోతు కూడా నవ్వుతాడు. అసలు నాకే నా మీద నమ్మకం కుదరడంలేదు. ఇది నేను కనిపెట్టిన నిజమా, నేను కోరుకున్న నిజమా?

గేటు దగ్గర నర్సవ్వ లేచి ఎదురొచ్చింది. "ఏమన్న దొరికిందా అన్నా?"

"దొరికింది చెల్లె. నేనే దాన్ని పోగొట్టినట్టున్న."

"గట్లనకు అన్నా. మా ఆయిన జైల్ల తింటలేడట. రేపు గిట్ల బయటికి రాకపోతే నేనేం జెయ్యాలె? కిరాయి కట్టలేదని ఖోలీ ఓనరు సామాను బయట పెడతనంటుండు. జర జల్ది పో."

ఆటోవాడికి అడాజణ్ అని చెప్పి ఎక్కాను.

వరుణ్ వాళ్ళది ఐదో అంతస్తు. సుప్రజే తలుపు తీసింది. తల తడిగా ఉంది, మాస్కు లేదు. తలుపు తెరుచుకోగానే ఆస్పత్రి వరండాలో వచ్చే ఘాటు వాసన ముక్కుకు కొట్టింది. హైపో. ఆ ఏడాది వీధులకూ, లిఫ్టు మీటలకూ, కూరగాయల సంచులకూ జనం చల్లిన మందే.

"రండి పరుశురాం గారూ," అంది. "నేను స్నానానికి వెళ్ళి వచ్చేసరికి వరుణ్ ఇలా చేసి వెళ్ళాడు."

అద్దాలు బిగించిన బాల్కనీలో నీలం డ్రమ్ము. పైన ట్యూబ్‌లైటు వెలుగుతోంది, గొట్టంలోంచి బుడగలు వస్తున్నాయి. నీళ్ళు మాత్రం తాగే నీళ్ళంత తెల్లగా ఉన్నాయి. పక్కన ఖాళీ హైపో డబ్బా ఒకటి పడి ఉంది.

"పొద్దున్న వరకు పచ్చగా ఉండేది," అంది. "వైరస్ ఉంటుందని శుభ్రం చేశాడట. ఇల్లంతా వదిలేసి దీన్నొక్కదాన్నే శుభ్రం చేశాడు. ఇంకో డబ్బా తెస్తానని కిందికెళ్ళాడు."

నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను, ఫొటోలు చూపించాను. ఆమె డ్రమ్ము అంచు పట్టుకుని విన్నది.

"పండుగ రోజు మీరెక్కడున్నారు?"

"నాన్నగారికి కరోనా, ఉధనా రైల్వే క్వార్టర్స్ నుంచి ఆస్పత్రికి తీసుకెళ్ళాం. రెండు రోజులు అక్కడే ఉన్నాను. తిరిగొస్తే డ్రమ్ములో నీళ్ళు జానెడు తగ్గాయి. గచ్చంతా తుడిచి ఉంది. డ్రమ్ము తన్నుకుని పడ్డానన్నాడు. బ్రహ్మచారి రోజూ వీడియో కాల్ చేసేవాడండీ. పచ్చదనం తగ్గిందా, బుడగలు వస్తున్నాయా అని. నేను ఫోను డ్రమ్ము వైపు తిప్పి పెట్టేదాన్ని. అతను చూసింది ఈ నీళ్ళను. నన్ను చూసినట్టు నాకు ఒక్కరోజు కూడా గుర్తులేదు. వరుణ్‌కి ఎన్నిసార్లు చెప్పానో. మీ ఇద్దరూ ఆ డ్రమ్మును అడ్డం పెట్టుకుని మాట్లాడుకుంటారు అనేవాడు. నా ఫోనులో కాల్స్ లెక్కపెట్టేవాడు. డ్రమ్ము పాడవుతోంది చూసి వెళ్ళమంటే చాలు, బ్రహ్మచారి ఎవరి కారైనా ఎక్కేస్తాడు. పండుగనాడు అందరూ మేడ మీదే ఉంటారు, కింద పార్కింగులో ఎవరుంటారు?"

ఆమె ఏడుస్తుందేమోనని నేను తల దించుకున్నాను. "అన్నీ చంపేశాడమ్మా. నా వల్లే. నేను వాగకపోతే ఈ నీళ్ళు రేపు కోర్టులో ఉండేవి."

"చంపాడు," అంది సుప్రజ. "కానీ పోలేదు."

సొరుగులోంచి సన్నటి గాజు గొట్టం తెచ్చింది. చెయ్యి డ్రమ్ములో భుజం దాకా ముంచి, అడుగున పేరుకున్న బురదను పైకి లాగి సీసాలో నింపింది.

"హైపో పచ్చదనాన్ని తింటుంది. గాజును తినదు. పెంకు మీద గీతలు బాగా కనబడాలంటే మేమే వీటిని బ్లీచులో కడుగుతాం. ఆ సంగతి వరుణ్‌కి తెలియదు, ఎప్పుడూ నా పని గురించి అడగలేదు. ఇన్ని నెలల్లో ఈ డ్రమ్ములో కొన్ని జాతులు తగ్గాయి, రెండు మూడు పెరిగాయి. ఇలాంటి పాళ్ళు ఏ నదిలోనూ ఉండవు. మూలుగలో కూడా ఇవే పాళ్ళుంటే..." సీసా మూత బిగించి, మీద తేదీ రాసి, సంతకం పెట్టింది. సంతకంలో భర్త ఇంటిపేరు రాసి, దాన్ని కొట్టేయలేదు.

నేను చెయ్యి చాచాను. ఆమె ఇవ్వలేదు.

"నేనూ వస్తాను. మీరు పట్టుకెళ్తే అసూయ అంటారు. నేను పట్టుకెళ్తే సాక్ష్యం అంటారు."

"అతను మీ భర్తమ్మా."

"జైల్లో ఉన్నతను కూడా ఒకావిడ భర్తేగా?"

బయట లిఫ్టు ఆగిన చప్పుడైంది. అడుగులు తలుపు దాకా వచ్చాయి. తాళంచెవి తిరుగుతోంది. నేను సీసాను దాచమని సైగ చేశాను. సుప్రజ దాన్ని రెండు చేతులతో పట్టుకుని తలుపుకు ఎదురుగా వెళ్ళి నిలబడింది.